కోడి కూర్చున్న ఉయ్యాల

మహ్లియో చెయ్యి ఇంకా ఆ రంధ్రంలోనే ఉంది. పోయిన వారం మనం ఆమెను అక్కడే, పొదిగే కోడి కింద చెయ్యి పెట్టి ఉండగానే వదిలేసి వచ్చాం.

మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఈ మహ్లియో మా పేటలో అంజిరత్ చిన్నకోడలు. నెలలు నిండుతున్న మనిషి. కిందటేడు పుట్టిన పాప నలభై రోజులు తీరకుండానే కళ్లు మూసింది. పుట్టింటివాళ్లు ముచ్చటపడి తెచ్చిన కొత్త ఉయ్యాలలో, చెక్క మీది పువ్వుల రంగులు ఇంకా గోటికి అంటుతుండగానే పోయింది. అప్పటినుంచి మహ్లియో అత్తగారిని అడిగింది ఒక్కటే. అటక మీదున్న పాత కొయ్య ఉయ్యాల, కాళ్ల మీద నిలబడి ఊగేది, కావాలి. అంజిరత్ ఆరుగురు పిల్లలు అందులో పెరిగారు, ఆరుగురూ గుండ్రాయిల్లా ఉన్నారు. అలాంటి ఉయ్యాల కోసం మా దగ్గర ఆడవాళ్లు ఎంత దూరమైనా వెళ్తారు. అత్తగారు ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. చలికాలమంతా కొట్టం తలుపు మూసుకుని ఏదో నరికింది, ఏదో కొట్టింది. మంచు కరిగేసరికి కోళ్లగూట్లో కొత్త గుడ్లపెట్టెలు వరసగా లేచాయి.

మహ్లియో చెయ్యి పెట్టింది వేరే పని మీద. పొదిగే కోడి కింది గుడ్లకు బొగ్గుతో గీత గీసి ఉంటుంది. మిగతా పెట్టలు బుద్ధిలేక వచ్చి అక్కడే గుడ్డు పెట్టిపోతే, గీత లేనిదాన్ని తీసేయాలి. ఆ గీతలేని గుడ్డు కోసం వెతుకుతుంటే వేలికి గుడ్డపేలిక తగిలింది. లాగింది. పేలిక ఊడి వచ్చింది, వేళ్లు చెక్కలోంచి కిందికి పోయాయి. గుండ్రటి రంధ్రం, అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. పిల్లను కట్టి పడుకోబెట్టాక ఉచ్చ పడటానికి కింద మట్టిముంత పెట్టే రంధ్రం అది. బిడ్డను కన్న ఏ ఆడదానికీ మా దగ్గర దాన్ని చూసి గుర్తుపట్టాల్సిన పని లేదు, చెయ్యి పెడితే చాలు.

మచ్చల కోడి ఆమె మణికట్టు మీద కసిగా పొడిచింది. మహ్లియో చెయ్యి తీసుకుంది. పేలిక చేతిలోనే ఉంది. కేకలు వేస్తుందని, ఏడుస్తుందని మీరు అనుకుని ఉంటారు. ఏడాదిగా ఏడ్చి ఏడ్చి ఆమెకు ఆ ఓపిక కూడా పోయింది. పక్కనున్న బకెట్టు బోర్లించుకుని దాని మీద కూలబడింది.

ఆవరణలో అంజిరత్ నాలుగో పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, వంకరపోయిన పాత మేకుల్ని రాతి మీద పెట్టి సుత్తితో సాపు చేస్తోంది. ఆమెకు ఆ పని బాగా వచ్చు. ముసలి పెట్టలు కూడా ఎగిరి ఎక్కగలిగేలా పెట్టెల్ని మోకాలెత్తునే పెట్టింది. కోళ్లు పైకెక్కి నిద్రపోయి పాడు చెయ్యకుండా కప్పు ఏటవాలుగా వేసింది. గడ్డీ గుడ్లూ బయటికి దొర్లకుండా ముందు నాలుగు వేళ్ల ఎత్తు చెక్క అడ్డం కొట్టింది. పేలు పట్టకుండా గడ్డి కింద చేదుమొక్క రెమ్మలు పరిచింది. అన్నీ ఆలోచించిన మనిషి ఆ రంధ్రాన్ని మాత్రం మేకులేసి మూయలేకపోయింది. పాత దూదికోటు చింపి పేలిక కుక్కి ఊరుకుంది. దొరికిపోయింది అక్కడే.

"అత్తయ్యా."

"ఊఁ."

"మూడో పెట్టె అడుగున ఉన్న చెక్క ఎక్కడిది?"

సుత్తి ఆగింది. "కొట్టంలోది."

"దానికి రంధ్రం ఎందుకుంది?"

"గాలి ఆడటానికి."

"కోడికి కిందనుంచా గాలి?"

అంజిరత్ ఒక మేకు తీసుకుని, అది తిన్నగానే ఉన్నా, మళ్లీ రాతి మీద పెట్టి కొట్టింది.

"నన్ను చూడండి అత్తయ్యా. గోడతో మాట్లాడినట్టుంది నాకు," అంది మహ్లియో. గొంతు పెంచలేదు. "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా? పెద్దకోడలికి దాచానంటే నోరు మూసుకునేదాన్ని. మీ అమ్మాయికి పంపిస్తానన్నా సరే అనేదాన్ని. గొడ్డలితో నరికి కోళ్ల కింద పరుస్తారా? నా బిడ్డ కన్నా మీ మచ్చలకోడి ఎక్కువైపోయిందా?"

"అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడాలో చెప్పండి. అలాగే మాట్లాడతాను. నాకు ఓపిక లేదు అత్తయ్యా, దేనికీ లేదు. ఒక పాపను మట్టిలో పెట్టి వచ్చాను. ఇప్పుడు ఈ కడుపులో కాలు కదిలినప్పుడల్లా సంతోషం రాదు, భయమొస్తుంది. ఒక్క చెక్క అడిగాను మిమ్మల్ని. బంగారం అడగలేదు."

అంజిరత్ లేవబోయింది. పెట్టె అంచు పట్టుకుని సగం లేచి, మళ్లీ కూర్చుండిపోయింది. ఆ ముఖంలో కోపం లేదు. దొరికిపోయినందుకు సిగ్గు కూడా కనిపించలేదు. చాలా దూరం మోసుకొచ్చిన బరువు ఇక దించక తప్పదన్నప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"పెద్దబావకి ముందు నాకొకడు పుట్టాడని విన్నావా?" అంది.

"విన్నాను. మీ అత్తగారి ఒళ్లో పోయాడట."

"అలా అని చెప్పాం."

మహ్లియో తలెత్తింది.

"పట్టుపురుగుల రోజులవి," అంది అంజిరత్. "గదులన్నీ పురుగులకిచ్చేసి మేం వసారాలో పడుకునేవాళ్లం. కుబుసం విడిచే ఆఖరి నిద్ర లేచాక పురుగు ఎలా తింటుందో నువ్వు చూడలేదు. వాన కురిసినట్టు చప్పుడు. ఎంత ఆకు తెచ్చినా చాలదు. ముందురోజు నుంచి పిల్లాడి ఒళ్లు వెచ్చగా ఉంది. పళ్లొస్తున్నాయిలే అంది మా అత్తగారు. పాలిచ్చి, ఉయ్యాలలో పడుకోబెట్టి, పట్టీలు కట్టి, పైన దుప్పటి కప్పి, ఆకు కొమ్మలు నరకడానికి పోయాను. మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాను. నిద్రపోతున్నాడనుకుని ఇంకో మోపుకి కూడా పోయాను. విన్నావా? ఇంకో మోపుకి కూడా పోయాను."

కోళ్లగూట్లో ఏదో పెట్ట గుడ్డు పెట్టి గోల మొదలుపెట్టింది.

"మా అత్తగారు వాణ్ని ఉయ్యాలలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇక్కడే పోయాడని చెప్పు, అంది. ఉయ్యాలలో పోయాడంటే ఇక అందులో ఎవర్నీ పడుకోబెట్టలేం, వంశం ఉయ్యాల ఇది, అంది. నాకప్పుడు ఎన్నేళ్లని? సరేనన్నాను. తర్వాత మీ పెద్దబావ తోఖ్తసిన్ పుట్టాడు. వీడన్నా నిలబడనీ అని ఆ పేరు పెట్టుకున్నాం. అందులోనే పడుకోబెట్టాను. ప్రతి రాత్రీ లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఆరుగుర్నీ అలాగే పెంచాను. ఒక్కరి దగ్గరా కంటినిండా నిద్రపోలేదు. పేటంతా ఏమంది? అంజిరత్ ఉయ్యాల అదృష్టపు ఉయ్యాల అంది. ఒకరి తర్వాత ఒకరు అడగడానికొచ్చారు. ఎవరికీ ఇవ్వలేదు. పిసినారిదన్నారు, పొగరుబోతన్నారు. అననీ అనుకున్నాను."

"నేనడిగినప్పుడైనా చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? పాప పోయి నువ్వు పుట్టెడు దుఃఖంలో ఉన్నావు. 'అత్తయ్యా, ఆ ఉయ్యాలొక్కటే నా ధైర్యం' అన్నావు. ఆ ధైర్యంలో కూడా ఒక శవం పడుకుందని చెప్పనా? అలాగని చెప్పకుండా ఇచ్చేసి, నువ్వు నవ్వుతూ అందులో బిడ్డను కడుతుంటే చూస్తూ కూర్చోనా? అందుకని నరికాను. నరికాక పొయ్యిలో పెట్టడానికి చేతులు రాలేదు. వాడి ఒళ్లు తగిలిన చెక్క అది. కోళ్లకైనా పనికొస్తుందనుకున్నాను." గూటివైపు చూసి, "కోళ్లు కూడా తల్లులేగా," అంది.

ఈ మాటకి నవ్వాలో ఏడవాలో మహ్లియోకి తెలియలేదు. నాకూ తెలియదు. అత్తగారి మీద ఒళ్లు మండాల్సిన చోట జాలేసింది. జాలిపడ్డందుకు తన మీద తనకే కోపమొచ్చింది. పేలికను ఒళ్లో పెట్టుకుని మడత మీద మడత పెట్టింది.

తలెత్తకుండానే అడిగింది. "ఆరుగురూ అందులోనే పడుకున్నారా?"

"ఇంకెక్కడ?"

"ఈ చెక్క మీదే?"

"ఆ చెక్క మీదే."

"నా పాప పడుకున్న ఉయ్యాలలో అంతకుముందు ఎవరూ పోలేదు అత్తయ్యా. బజారు నుంచి తిన్నగా ఇంటికొచ్చింది. అయినా పోయింది." ఆ మాట తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. తర్వాత లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని మళ్లీ కోళ్లగూట్లోకి తొంగి చూసింది. మూడో పెట్టెలో మచ్చల కోడి ఈకలు విప్పుకుని, కళ్లు సగం మూసి, మళ్లీ గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. లోకంలో ఎవరితోనూ దానికి పని లేదు.

"ఇది లేచేదాకా చూస్తాను," అంది మహ్లియో.

"ఏమిటి చూసేది?"

"ఈ చెక్క మీద పిల్లలు లేస్తే, నా బిడ్డ కూడా ఈ చెక్క మీదే పడుకుంటుంది. మీరే మళ్లీ ఉయ్యాల కట్టివ్వాలి. లేవకపోతే..."

"లేవకపోతే?"

"మా అమ్మ దగ్గరికి పోతాను. పురిటికి మాత్రమే కాదు. ఈ ఇంట్లో బిడ్డను పెట్టను. మీ అబ్బాయి రావాలనుకుంటే ఆయన అక్కడికే వస్తారు."

"పిచ్చిదానా, కోడిగుడ్లతోనా పందెం? ఒక్కోసారి ఉరుముకే పాడైపోతాయి."

"నాకు మనుషుల మాటలు చాలు అత్తయ్యా. కొత్త ఉయ్యాల మంచిదన్నారు, నమ్మాను. పాత ఉయ్యాల మంచిదన్నారు, నమ్మాను. ఇప్పుడు కోడిని నమ్ముతాను."

ఇది చెప్పి ఆమె మళ్లీ పెట్టె దగ్గరే వంగి, అత్తగారి పేలికను ఆ రంధ్రంలో జాగ్రత్తగా కుక్కింది. ఈసారి కోడి పొడవలేదు. అంజిరత్‌కి అది కనిపించింది.

"పోయి కాసేపు నడుం వాల్చు. రొట్టెలు నేను చూస్తాను," అని మాత్రం అంది. మహ్లియో లోపలికి వెళ్లింది.

అంజిరత్ అక్కడే కూర్చుండిపోయింది. ఏళ్ల తరబడి మోసింది దించేసినందుకు తేలికగా ఉండాలి కదా. ఉండలేదు. ఒంట్లో సత్తువంతా తీసేసినట్టయింది. అయినా ఎక్కడో ఒక మూల చిన్న ఆశ. కోడలు తిట్టిపోస్తుందనుకుంది, ముఖం చూడనంటుందనుకుంది. ఆ పిల్ల మాత్రం ఒక దారి వదిలింది. మచ్చల కోడి మంచి తల్లి, కిందటేడు ఒక్క గుడ్డు కూడా వృథా చెయ్యలేదు. పిల్లలు లేస్తాయి. ఎందుకు లేవవు? అడుగుచెక్క ఊడదీసి, కాళ్లు కొత్తగా చెక్కి, పైన అడ్డకర్రకి మల్బరీకొయ్య తెప్పించి...

గోడ అవతల, రోబియా ఇంట్లో, పుంజు కూసింది.

అంజిరత్ అలవాటుగా తమ పుంజు జవాబు కోసం చెవి ఒగ్గింది. ఆ రెండు పుంజులూ గోడకి అటొకటి ఇటొకటి నిలబడి యజమానురాళ్ల తగువు తామే తీర్చుకుంటున్నట్టు రోజంతా అరుచుకునేవి. ఇటునుంచి చప్పుడు లేదు.

ఎలా ఉంటుంది? తమ పుంజుని కోసేశారు. మహ్లియో కాన్పు సుఖంగా జరగాలని చలికాలం చివర్లో పేటని పిలిచి భోజనాలు పెట్టినప్పుడు, మాంసం చాలక, "ఆ పుంజునీ లాగండి" అని చెప్పింది తనే. నెల దాటిపోయింది. అంటే కోడి కింద ఉన్నవన్నీ పుంజు తొక్కని పెట్టల గుడ్లు. వాటి మీద కోడి మూడు వారాలు కాదు, మూడేళ్లు కూర్చున్నా పిల్ల లేవదు.

బిడ్డ మేలు కోరి పెట్టిన భోజనమే ఇలా తిరిగొచ్చి తగులుతుందని ఎవరనుకుంటారు? కోడలికి వెళ్లి చెబితే ఒక్క క్షణంలో తేలిపోతుంది. కానీ చెబితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఇప్పటిదాకా దాచిన మనిషి ఇప్పుడు తప్పించుకోవడానికి కొత్త కథ అల్లుతోందనుకుంటుంది. మనమైనా అదే అనుకుంటాం.

గుడ్లు మార్చాలి. కోడలు నిద్ర లేచేలోగా మార్చాలి. పుంజున్న ఇంటి గుడ్లు తెచ్చి, బొగ్గుతో అలాగే గీతలు గీసి, కోడి కింద పెట్టాలి. పేటలో ఇప్పుడు పుంజు ఉన్నది ఒక్కచోటే.

రోబియా గడప అంజిరత్ తొక్కి ముప్పై ఏళ్లయింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే తందూరులో రొట్టెలు కాల్చుకున్నవాళ్లు, ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. రోబియాకి మొదటి పిల్ల పుట్టినప్పుడు ఉయ్యాల అడగడానికి వచ్చింది. అంజిరత్ కారణం చెప్పకుండా లేదంది. రోబియా గడప మీద నుంచే వెనక్కి తిరిగింది. ఆ వేసవిలోనే మధ్య గోడ మీద మట్టి ఇటుకలు ఇంకో వరస లేచాయి. ఆ గోడ కట్టేటప్పుడు ఇటువైపు వాళ్లు ఒక్క ఇటుక కూడా అందించలేదు.

అంజిరత్ ఒక గిన్నెలో తమ గుడ్లు పెట్టుకుంది, ఊరికే అడగడం ఇష్టం లేక. పైన శుభ్రమైన గుడ్డ కప్పింది. కోటు జేబులో బొగ్గుముక్క వేసుకుంది. తలగుడ్డ సర్దుకుని, మోకాళ్లు తిట్టుకుంటూ వీధిలోకి నడిచి, నీలం గేటు తట్టింది.

తలుపు తీసింది రోబియానే. చేతులకు మోచేతుల దాకా పిండి. అంజిరత్‌ని చూసింది, గిన్నెని చూసింది, మళ్లీ అంజిరత్‌ని చూసింది.

"ఏమే, ముప్పై ఏళ్లకి తీరిక దొరికిందా? ఆ గుడ్డ కింద ఏమిటి? ఉయ్యాల తెచ్చావా?"

అంజిరత్ ఆ దెబ్బ తిని నిలబడింది. "కోడి పొదుగుకొచ్చింది రోబియా. మాకు పుంజు లేదు. నీ గుడ్లు కాసిన్ని ఇచ్చి ఇవి తీసుకుంటావేమోనని."

రోబియా భృకుటి ముడిచింది. "మళ్లీనా?"

"మళ్లీ ఏమిటి?"

"నాలుగు రోజుల కిందటే మీ చిన్నకోడలు వచ్చి పట్టుకుపోయిందిగా. మచ్చలకోడి కూర్చుంది పిన్నీ, మా పుంజుని కోసేశారు, అని అడిగింది. ఒళ్లో పోసి పంపాను. నీకు చెప్పలేదా?"

అంజిరత్ గిన్నె గట్టిగా పట్టుకుంది. కోడి కింద ఉన్నవి బతుకున్న గుడ్లే. పందెం కట్టిన పిల్లకి ఆ సంగతి ముందే తెలుసు. పిల్లలు లేవాలని కోరుకునే పందెం కట్టింది. నవ్వొచ్చింది ముసలిదానికి, కళ్లలో నీళ్లు తిరిగాయి. "అల్లా చల్లగా చూడాలి నిన్ను," అంది. ముప్పై ఏళ్లలో రోబియాతో అన్న మొదటి మంచి మాట అదే.

"ఆగు, ఊరికే ఇవ్వలేదు నేను," అంది రోబియా. పిండి దులుపుకుంటూ ఆమె నవ్విన నవ్వులో పాత స్నేహమూ ఉంది, పాత కసీ ఉంది. "బదులు అడిగాను. బిడ్డ పుట్టాక మొదటిసారి ఉయ్యాలలో పడుకోబెట్టి పట్టీలు కట్టేది నేను."

మా దగ్గర ఆ పని నాయనమ్మది. దానికోసమే నాయనమ్మలు అయ్యేదీ, బతికేదీ.

"ఏ ఉయ్యాలో అని కాదు," అంది రోబియా. "ఆ పాతదాంట్లోనే. నా బిడ్డకి ఇవ్వని ఉయ్యాలలో నీ మనవణ్ని నా చేతులతో కడతాను. అప్పుడుగానీ ఈ కడుపుమంట చల్లారదు. మీ కోడలు సరేనంది. అత్తయ్య దాన్ని నాకే ఇస్తుంది పిన్నీ, అని నవ్వుతూ చెప్పింది."

గోడ అవతలనుంచి సుత్తి చప్పుడు వినిపించింది. నిద్రపోవాల్సిన మహ్లియో లేచి వచ్చింది కాబోలు. నాలుగో పెట్టెకి ఎవరో మేకు దించుతున్నారు, నెమ్మదిగా, అలవాటు లేని చేత్తో.

రోబియా తలగుడ్డ బిగించింది, గడప పక్కనున్న చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"పద. ఉయ్యాల చూపించు. ఆనాడు గడప దగ్గరే ఆపేశావు, ఇవాళ లోపలికొస్తాను," అని గేటు వేసి, చెవి రిక్కించి విని అడిగింది. "ఏమిటే ఆ చప్పుడు? మీ ఇంట్లో ఏం కడుతున్నారు?"

అంజిరత్ గిన్నెలోని గుడ్లకేసి చూస్తూ, "కోళ్లకి పెట్టెలు," అంది.